ఇరవై ఏడో ఉత్తరం

తిరుపతి,
17 జూన్ 2023, శనివారం.

మహీ,

నా చేతిరాత చూసి గుండె గుభేలుమందా? ఏమీ కాలేదు, అందరూ బాగున్నారు. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. మా కొత్త స్కూల్లో శనివారం చివరి పీరియడు ఉత్తరాల పీరియడు. పిల్లలందరూ ఇంటికి చేత్తో, తెలుగులో ఉత్తరం రాయాలి. టీచర్లు కూడా ఎవరో ఒకరికి రాసి తీరాలి. ఎన్ని భాషలు నేర్చినా ఇంటికి రాసే భాష పోకూడదని మా హెడ్‌మాస్టరు ప్రేమానందం సార్ పెట్టిన పద్ధతి. నాకు రాయడానికి చిన్నప్పటి స్నేహితురాలివి నువ్వు తప్ప ఎవరున్నారు? ఈ ఏడాదంతా నా పోరు పడాల్సిందే నువ్వు.

స్కూలు ఒకటి నుంచి ఐదు వరకే. చేరేటప్పుడే ప్రతి బిడ్డా ఒక దేశం భాష ఎంచుకుంటుంది. ఫ్రెంచి, స్పానిష్, జర్మన్, జపనీసు. నాది జపనీసు. మద్రాసులో ఆరేళ్ళు జపాను కంపెనీ వాళ్ళ వెంట దుబాసీగా తిరిగి నేర్చుకున్న మాటలు ఇప్పుడు పాలపళ్ళ నోళ్ళలో వింటున్నాను. శుక్రవారం భాషా దినం. పొద్దున గంట కొట్టినప్పటి నుంచి సాయంత్రం గంట దాకా ఎంచుకున్న భాష తప్ప తెలుగు ముక్క రాకూడదు. అలా గడిపితే వాళ్ళ పాస్‌పోర్టు పుస్తకంలో ఒక ముద్ర. ఇరవై ముద్రలైన బిడ్డ ఒక వారమంతా బడిగంట కొట్టొచ్చు. ఆ గంట కోసం పిల్లలు పడే తపన చూడాలి నువ్వు. నిన్న ఒక పిల్ల దాహమని వచ్చింది. జపనీసులో అడిగితేనే ఇస్తానన్నాను. పావుగంట ఆలోచించి అడిగింది. నీళ్ళు తాగుతున్నప్పుడు ఆ ముఖంలో వెలుగు ఇంతా అంతా కాదు.

అసలు సంగతికి వస్తాను. మీ జయంతిని చదువుకు నా దగ్గరకు పంపు. రెండో తరగతిలో ఒక సీటు ఉంది. నా ఇల్లు బడికి రెండు వీధుల దూరం. ఒంటి మనిషిని, దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాను. నెలకోసారి నేనే నగరికి తీసుకొస్తాను. యోగానందన్నతో మాట్లాడి రాయి.

నీ
అమల

*

నగరి,
23 జూన్ 2023.

అమలా,

నీ ఉత్తరం పోస్టుమాన్ ఇస్తే మా అత్త నిజంగానే ఏడుపు ఎత్తుకునింది. పదేళ్ళ నుంచి మా ఇంటికి చావు కబురు తప్ప ఉత్తరం రాలేదు మరి! నేను చదివి చెప్పేదాకా ఆమెను పట్టలేకపోయినాము.

జయ సంగతి ఇంట్లో చెప్పినాను. అత్త జ్ఞానాంబ ఒకటే పోరు. "ఏడేండ్ల బిడ్డను ఊరుగాని ఊర్లో పెడతావా? ఆ జపాను మాట నేర్చుకుంటే మనకు ఏం ఒరిగేది?" అని. ఆయన మాత్రం, "సత్యవేడు పక్క కంపెనీల్లో అంతా జపానోళ్ళే ఉండారు. రేపు మన బిడ్డ వాళ్ళకు మాట చెప్పే మనిషి అవుతాది లేమ్మా" అన్నాడు. నాకూ ఆశగానే ఉంది. ఇంటి కింద పన్నెండు మరమగ్గాలు తిరుగుతుంటే మేము ఒకరితో ఒకరు అరిచి మాట్లాడుకోవడమే తప్ప మామూలుగా మాట్లాడుకున్నది లేదు. అది మెల్లగా మాట్లాడే చోట పెరగాలి.

పంపిస్తాను. కానీ ఆ నీళ్ళ సంగతి నాకు నచ్చలేదు, చెప్తున్నాను. దాహంతో వచ్చిన బిడ్డకు ముందు నీళ్ళిచ్చి తర్వాత మాట నేర్పరాదా? నువ్వు చిన్నప్పటి నుంచి ఇంతే, పట్టుకుంటే విడవవు.

ఇంకొకటి. జయ వసపిట్ట. పొద్దున లేస్తూ మొదలుపెడితే మగ్గాలు కూడా దాని ముందు చాలవు. కానీ ఒళ్ళు బాగా లేకపోతే మాత్రం ఒక్కసారే చెప్తుంది. పట్టించుకోకపోతే రెండోసారి చెప్పదు, ముడుచుకొని కూచుంటుంది. పోయినేడు చెవినొప్పి అని చెప్తే పనిలో పడి మరిచిపోయినాను. చీము కారేదాకా మళ్ళా నోరెత్తలేదు. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకో. మిగతాదంతా అదే నీకు చెవులు చిల్లులు పడేటట్టు చెప్పుకుంటుంది.

దాన్ని నీ చేతుల్లో పెడుతున్నాను.

మహిత

*

తిరుపతి,
16 సెప్టెంబరు 2023, శనివారం.

మహీ,

నీ కూతురు నా ఇంట్లో నాకు చోటు లేకుండా చేసింది. మంచం దానిది, అద్దం దానిది, కిటికీ దానిది. పక్కింటి వాళ్ళ పిల్లికి జపనీసులో అంకెలు నేర్పుతోంది. మొన్న చీర కట్టుకుంటుంటే కుచ్చిళ్ళు ఒకటి, రెండు అని ఆ భాషలోనే లెక్కపెట్టింది. నాకు నవ్వాగక కుచ్చిళ్ళు జారిపోయాయి.

ఒక్క విషయంలో దానితో కఠినంగా ఉంటున్నాను. బడి గేటు దాటాక నేను చిన్నమ్మను కాను, అమల సెన్సెయిని. సెన్సెయి అంటే టీచరు. ఇంటి పిల్ల అని చూసీ చూడనట్టు ముద్ర వేస్తున్నానని ఎవరూ అనకూడదు. ఒక శుక్రవారం అది మరిచిపోయి "చిన్నమ్మా" అంది. ముద్ర వేయలేదు. అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నాకూ మనసు కష్టమయింది కానీ మర్నాటికి సర్దుకుంది. ఇప్పుడు పదకొండో ముద్ర. గంట కొట్టడం ఎలాగో స్టీలు గ్లాసు మీద రోజూ సాధన చేస్తోంది.

నీళ్ళ గురించి రాసి నీ చేత చీవాట్లు తిన్నాను. ఇక అలా చేయనులే.

వారం వారం దాని ఉత్తరాలు అందుతున్నాయా? అవి నేను చదవను. పేరూ పిన్‌కోడూ రాసి కవరు అంటించి సోమవారం పోస్టు చేస్తాను, అంతే.

నీ
అమల

*

నగరి,
20 నవంబరు 2023.

అమలా,

బుధవారం వచ్చిందంటే మా ఇంట్లో పండగ. పోస్టుమాన్ బెల్లు వినపడితే ఆయన మగ్గాలు ఆపేస్తాడు. ఆ నిశ్శబ్దంలో నేను జయ ఉత్తరం గట్టిగా చదువుతాను, పనివాళ్ళు కూడా నిలబడి వింటారు. నువ్వు రాత్రుళ్ళు గురక పెడతావని మా వీధంతటికీ తెలుసు ఇప్పుడు.

దీపావళికి వచ్చినప్పుడు చూసినాను, బిడ్డ మారింది. మెల్లగా మాట్లాడుతోంది. ముని "అక్కా, జపానులో నన్ను ఏమంటారు?" అని దాని వెంటే తిరిగినాడు. అత్తకు వంగి దండం పెట్టి ఏదో అనింది. అత్త మురిసిపోయి, "నా మనవరాలు దొరసానిలాగా ఉండాది" అని ఊరంతా చెప్పుకొచ్చింది.

అది వెళ్ళినాక ఇల్లు బోసిపోయింది. కానీ దాన్ని పంపించి మంచి పని చేసినామని ఇన్నాళ్ళకు ధైర్యంగా రాస్తున్నాను.

పెరట్లో రేగుచెట్టు విరగకాసింది. పండినాక పంపిస్తాను.

మహిత

*

తిరుపతి,
27 జనవరి 2024, శనివారం.

మహీ,

రేగిపండ్ల సంచి అందింది. జయ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు.

వచ్చే శుక్రవారం మా స్కూలుకు జపాను నుంచి నలుగురు అతిథులు వస్తున్నారు. అక్కడి ఒక బడితో మాకు స్నేహం కుదిరేలా ఉంది. రెండు పాటలు, ఒక స్వాగతం, అంతా నా పిల్లలే. నాకు నిద్ర పట్టడం లేదు. జయకు పంతొమ్మిది ముద్రలయ్యాయి. ఆ శుక్రవారం ఇరవయ్యోది. "సోమవారం గంట నేనే కొడతాను" అని కనపడిన వాళ్ళందరికీ చెబుతోంది.

తొందరలో ఉన్నాను, తీరిగ్గా రాస్తాను.

అమల

*

నగరి,
4 మార్చి 2024.

అమలా,

ఫోను ఎత్తడం లేదని ఏమీ అనుకోవద్దు. నీ గొంతు వింటే దాని వెనకాల జయ గొంతు వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకుంటాను. వినపడదు. అది తట్టుకోలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

జయ పోయి నెల కావస్తోంది. అపెండిక్సు పగిలిందని ఆదివారం నువ్వు ఫోను చేస్తే పరుగెత్తుకొని వచ్చినాము. ఆపరేషను చేసినా చీము పొట్టంతా పాకిపోయిందన్నారు. మంగళవారం మధ్యాహ్నానికి అయిపోయింది. నాకు ఇప్పటికీ ఆ మూడు రోజులు వరసగా గుర్తు రావడం లేదు. నువ్వు మంచం పక్కన నిలబడి దాని కాళ్ళు రాస్తూ ఉండటం ఒక్కటి గుర్తుంది. నువ్వు ఎంత చేసినావు అమలా. కన్నదాన్ని నేను ఒక మూల కూలబడిపోతే నువ్వే తల్లివై చూసుకున్నావు.

తప్పంతా నాది. గింజల పండ్లు పంపించింది నేను. రేగ్గింజ మింగితే పోయి అపెండిక్సులో చిక్కుకుంటుందని చిన్నప్పటి నుంచి విన్న మాటే. తెలిసి తెలిసి సంచి నిండా పంపినాను. మా అత్త పదిమంది ముందర "గింజల పండ్లు పంపించి బిడ్డను పొట్టన పెట్టుకున్నావు కదే" అనింది. నిజమే కదా.

ఎప్పుడు మొదలైంది అమలా నొప్పి? నీకు ఎప్పుడు చెప్పింది? అది ఒక్కసారే కదా చెప్పేది. ఏమని చెప్పింది? నాకు ఆ మాట కావాలి.

మహిత

*

తిరుపతి,
9 మార్చి 2024, శనివారం.

మహీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడికి వెళ్ళలేదు.

నిన్ను నువ్వు అలా అనుకోకు. ఎవరి చేతుల్లోనూ లేనిది జరిగింది. శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక వాంతి చేసుకుంది, ఒళ్ళు వెచ్చబడింది. గ్యాస్ అనుకుని మందు వేశాను. ఆదివారం పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఇంతకంటే నాకు తెలియదు.

అన్నం మానొద్దు. ముని ముఖం చూసైనా తిను.

అమల

*

నగరి,
25 మార్చి 2024.

అమలా,

జయ ఉత్తరాలు తీసి వరసగా పెట్టినాను. ఇరవై ఆరు ఉన్నాయి. చివరిది జనవరి 27ది. ఫిబ్రవరి 3 శనివారంది లేదు. ఆ రోజు అది బడికి వెళ్ళిందని నువ్వే రాసినావు. బడికి వెళ్తే ఉత్తరాల పీరియడు ఉంటుంది కదా. పోస్టాఫీసుకు మూడుసార్లు తిరిగినాను. "తిరుపతి నుంచి వచ్చిందంటే మీకు తెచ్చియ్యకుండా ఉంటానా అక్కా" అని పోస్టుమాన్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఒకవేళ రాసిందేమో, మీ డబ్బాలో అడుగున ఉండిపోయిందేమో, ఒక్కసారి చూడు. రెండు వాక్యాలైనా సరే. దాని ఇరవై ఆరు ఉత్తరాలూ నాకు కంఠతా వచ్చేసినాయి. కొత్త మాట ఒకటి కావాలి దాని నోటి నుంచి.

నిన్న ముని పక్కింటి వాళ్ళ జామపండు కొరుకుతుంటే చూసినాను. ఒళ్ళు తెలియకుండా వీపు మీద కొట్టి, నోట్లో వేలు పెట్టి గింజలు కక్కించినాను. నాలుగేండ్ల బిడ్డ. వాడు ఏడవలేదు కూడా, బిత్తరపోయి చూసినాడు.

మహిత

*

తిరుపతి,
30 మార్చి 2024, శనివారం.

మహీ,

వెతికాను. ఆ రోజు దానికి ఒంట్లో నలతగా ఉండి రాయలేదు. ఉత్తరం లేదు.

మునిని కొట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వాణ్ణి కొట్టకు.

అమల

*

నగరి,
22 ఏప్రిల్ 2024.

అమలా,

సరే. రాయలేదంటే రాయలేదు. ఇక అడగను.

రేగుచెట్టు కొట్టించినాను. ఆయన వద్దన్నాడు, జయ ఉయ్యాల కట్టిన చెట్టని. నేను వినలేదు. మొద్దు కూడా పెకలించి వేయించినాను.

ఇప్పుడు ఇంట్లోకి గింజ ఉన్నది ఏదీ రానీయడం లేదు. చారులో టమాటా గింజలు కూడా గుడ్డలో వడకట్టి పోస్తున్నాను. పుచ్చకాయ బండి వీధిలోకి వస్తే ముని వాడంతట వాడే లోపలికి వచ్చి తలుపేసుకుంటున్నాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయే ముందు విడదీసి వెతుక్కుంటాడు, "దీంట్లో గింజ ఉండాదా అమ్మా?" అని నా ముఖం చూస్తాడు. బాగా చిక్కిపోయినాడు. డాక్టరు దగ్గరికి పోదామని ఆయన అంటున్నాడు. వాడికి కాదంట, నాకంట.

నేను మంచిదాన్ని కానమ్మా. నా చేతులతో పెట్టింది ఏదీ బిడ్డలకు అచ్చి రాదు. మునిని కూడా ఎవరైనా తీసుకొనిపోయి పెంచితే బాగుండుననిపిస్తోంది.

మహిత

*

తిరుపతి,
28 ఏప్రిల్ 2024, ఆదివారం.

మహితకు,

ఇది శనివారం పీరియడులో రాస్తున్నది కాదు. చదివేటప్పుడు యోగానందన్నను పక్కన కూర్చోబెట్టుకో.

నేను నీకు అబద్ధం చెప్పాను. జయ ఉత్తరం రాసింది. అది నా దగ్గరే ఉంది. దీనితో పాటు పంపుతున్నాను. ముందు నా మాటలు చదివి, తర్వాత అది చదువు.

నొప్పి శనివారం మొదలవలేదు. శుక్రవారం పొద్దున మొదలైంది. అతిథులు పది గంటలకు వస్తారనగా పిల్లలను వరసలో నిలబెడుతున్నాను. జయ వరస లోంచి వచ్చి నా కొంగు పట్టుకుని లాగింది. "చిన్నమ్మా, కడుపు నొస్తాంది" అంది. నువ్వు అడిగిన మాట అదే. ఒక్కసారే చెప్పింది.

నేను దాని ముఖం చూడలేదు మహీ. చిన్నమ్మా అందనీ, తెలుగులో అందనీ చూశాను. ఇరవయ్యో ముద్ర పోతుందే అని చూశాను. వంగి, చెవిలో, "జపనీసులో చెప్పు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అది కడుపు మీద చెయ్యి పెట్టుకుని "ఒనాకా" అంది. ఒనాకా అంటే పొట్ట. అక్కడ ఆగిపోయింది. నన్నే చూస్తూ నిలబడింది. పాఠం గుర్తుందని మెచ్చుకుని, బుగ్గ తట్టి, వరసలోకి పంపేశాను.

తల, కళ్ళు, చెయ్యి, పొట్ట, అన్నీ నేర్పాను. నొప్పి అనే మాట నేర్పలేదు. అది ఫిబ్రవరి పాఠంలో ఉంది. నేర్పని మాటను ఆ బిడ్డను అడిగాను. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తట్టనేలేదు.

రెండు పాటలూ పాడింది. ఒక్క అడుగు తప్పలేదు. అతిథులు చప్పట్లు కొట్టారు. సాయంత్రం గంటకు పాస్‌పోర్టులో ఇరవయ్యో ముద్ర నేనే వేశాను. ఆయా తిరుమలమ్మ దాన్ని ఇంటికి తీసుకెళ్ళింది. నేను అతిథుల భోజనం ముగించుకుని వచ్చేసరికి నిద్రపోయింది. "బిడ్డ అన్నం ముట్టలేదు మేడం" అని తిరుమలమ్మ చెప్పింది. అలసిపోయిందనుకున్నాను. మర్నాడు లేచి తిరుగుతుంటే నేను ఆ మాటే మరిచిపోయాను.

ఆస్పత్రిలో డాక్టరు నొప్పి ఎప్పటి నుంచి అని అడిగాడు. శనివారం నుంచి అన్నాను. మధ్యలో తగ్గినట్టు ఉందా అని కూడా అడిగాడు. లేదన్నాను. పగిలినప్పుడు ఒక పూట తగ్గినట్టే ఉంటుందట. ఒక రోజు ముందు తీసుకొచ్చి ఉంటే వేరుగా ఉండేదని తర్వాత ఆయన అన్నాడు. రేగిపండ్ల గురించీ అడిగాను. గింజలకూ దీనికీ సంబంధం లేదన్నాడు. ఇది ఫిబ్రవరిలోనే నాకు తెలుసు. తెలిసీ, నువ్వు నిన్ను తిట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. నేనే తల్లినై చూసుకున్నానని నువ్వు రాస్తే ఆ మాట కూడా ఉంచేసుకున్నాను.

జయ పోయాక, ఆ గురువారం బడి తెరిచినప్పుడు పోస్టు చేయాల్సిన ఉత్తరాల కట్ట నా బల్ల మీద పెట్టారు. అన్నిటికీ కవర్లు అంటించాను. దీన్ని మాత్రం మొదటిసారి విప్పి చదివాను. చదివాక పోస్టు చేసే ధైర్యం రాలేదు.

నిన్న ప్రేమానందం సార్‌కు అంతా చెప్పి రాజీనామా ఇచ్చాను. శుక్రవారం పద్ధతి ఎత్తేస్తామన్నారు. నా కాగితం మాత్రం తీసుకోలేదు, సెలవులయ్యాక చూద్దామన్నారు. నాకు ఆ గేటు దాటాలని లేదు.

జయను నీ దగ్గర అడిగింది దాని చదువు కోసం మాత్రమే కాదు. ఇంటికి వస్తే పలకరించే మనిషి కోసం అడిగాను. దానిని నేను ఎంత ప్రేమించానో చెప్పుకునే హక్కు కూడా ఇప్పుడు నాకు లేదు.

మునికి పండు పెట్టు. నీ చేత్తో పెట్టు. నీ చేతుల్లో ఏ దోషమూ లేదు.

అమల

*

తిరుపతి,
3–2–2024, శనివారం.

అమ్మకు,

జయంతి రాసేది. నేను బాగుండాను. నువ్వు నాయన ముని అవ్వ బాగుండారా. నిన్న జపాను వాళ్ళు వచ్చినారు. ఒకామె నా జడ బాగుందని చెప్పింది. పాటలు పాడినాము. నాకు ఇరవై ముద్రలు అయిపోయినాయి. సోమవారం గంట నేనే కొడతాను. నగరిదాకా వినపడేటట్టు కొడతాను.

నిన్న కడుపు నొచ్చింది. చిన్నమ్మకు చెప్పినాను. జపానులో చెప్పమనింది. కడుపుకు ఒనాకా. నొప్పికి ఇంకా నేర్పలేదు. చిన్నమ్మకు పని ఎక్కువ ఉండాది. సోమవారం అడిగి నేర్చుకొని చెప్తాను. నీకు కూడా రాస్తాను. రాత్రి తగ్గిపోయింది. ఇప్పుడు మళ్ళా కొంచెం నొస్తాంది.

రేగిపండ్లు నేను రెండే తిన్నాను. మిగతావి క్లాసులో అందరికీ పంచినాను. అందరూ బాగుండాయన్నారు. ఇంకా పంపించు. మునికి నా కలరు పెన్సిళ్ళు ఇయ్యొద్దు. ఒకటి ఇయ్యి.

జయంతి

*

నగరి,
15 మే 2024.

అమలా,

రెండు వారాలు పట్టింది ఇది రాయడానికి.

నిన్ను క్షమించినానని రాయలేను. రాస్తే అది నీ ఉత్తరాల లాంటిదే అవుతుంది. జపనీసులో చెప్పు అన్నదానికి కూడా నా మనసు ఎప్పటికైనా ఒప్పుకుంటుందేమో. నేనూ ఒకసారి దాని చెవినొప్పి మరిచిపోయినదాన్నే. కానీ మూడు నెలలు నా చేత నన్ను తిట్టించినావు. చెట్టు కొట్టించినావు. ముని వీపు మీద పడిన దెబ్బ నా చేతిదే, కానీ నీ చేతిది కూడా. నువ్వు "వాణ్ణి కొట్టకు" అని రాసిన కాగితం మీదనే "ఉత్తరం లేదు" అని రాసినావు. ఆ రెండు మాటలూ ఒకే చేత్తో ఎట్లా రాసినావే?

ఆయన మగ్గాలు ఆపినాడు. ఎప్పటిలాగే గట్టిగా చదవబోయినాను. "రేగిపండ్లు నేను రెండే తిన్నాను" అనే దగ్గర ఆపేసి కాగితం ఆయన ముందర పెట్టినాను. ఆయన తీసుకొని మిగతాది చదివినాడు. మా అత్త లేచి వచ్చి నా తల ఆమె ఒళ్ళో పెట్టుకునింది.

మునికి జామపండు పెట్టినాను. చాలాసేపు చేతిలో పట్టుకొని చూసినాడు. నేను ఒక ముక్క కొరికి గింజలతోనే మింగి చూపించినాక తిన్నాడు. పెన్సిలు ఒకటే ఇచ్చినాను.

బడి మానేస్తానన్నావు. మానొద్దు. అంత సులువుగా పోవద్దు. జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు కదా, దండం పెట్టడం కంటే ముందు, అంకెల కంటే ముందు, మొదటి రోజే వాళ్ళకు ఆ మాట నేర్పు.

నాకు కూడా అది కావాలి. సోమవారం నేర్చుకొని నాకు రాస్తానని జయ మాట ఇచ్చింది. కార్డు మీద తెలుగు అక్షరాల్లో ఆ ఒక్క మాట రాసి పంపు. బాగున్నావా అని అడగొద్దు, ఇంకేమీ రాయొద్దు. ఆ తర్వాత నేను రాసేదాకా నువ్వు నాకు ఉత్తరం రాయొద్దు.

మహిత

*

తిరుపతి,
25 మే 2024.

ఇతాయ్.

*

నగరి,
3 జూన్ 2024.

అమలా,

కార్డు అందింది. జయ ఉత్తరం కింద, అది వదిలిన చోట, దాని పెన్సిలుతోనే రాసి కట్టలో పెట్టినాను. ఇరవై ఏడు.

మూడు అక్షరాలు. ఇంత చిన్న మాటా అమలా?

మహిత